పాత ల్యాప్‌టాప్‌లో త్రీడీ లోకం: కొత్తది కొనే ముందు తెలుసుకోవలసిన పాఠం

మన స్టడీ సెంటర్‌కు దాతలు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లు దాదాపు అన్నీ ఆఫీసు పనికి కొన్నవే. ఉత్తరం టైపు చేయడానికి, లెక్కలు వేయడానికి, జూమ్‌లో క్లాసు వినడానికి అవి చక్కగా సరిపోతున్నాయి, అల్‌హమ్‌దులిల్లాహ్. త్రీడీ లోకం తెరవగానే మాత్రం ఫ్యాను హోరు మొదలవుతుంది, తెర మీది బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. అందుకని ఈ ఏడాది కమిటీ ముందుకు ఒక ప్రశ్న వచ్చింది: విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లు కొనాలా? జకాత్ సొమ్మును మనం యంత్రాలకు వాడం. కొంటే సదఖా, లిల్లాహ్ నిధి నుంచే కొనాలి. అదే నిధి నుంచి ఆడపిల్లల కాలేజీ ఫీజులూ కడుతున్నాం. ఒక ల్యాప్‌టాప్ కొంటే ఎవరి ఫీజు ఆగుతుందో మాకు పేరుతో సహా తెలుసు. అందుకే దాతలకు ఈ విషయం పాఠంలా చెప్పదలచాం.

అసలు త్రీడీ లోకాలతో మనకేం పని అని కొందరు పెద్దలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అమెరికాకు చెందిన లిండెన్ ల్యాబ్ 2003లో సెకండ్ లైఫ్ అనే లోకాన్ని ప్రారంభించింది. అందులో మనిషికి బదులు ఒక బొమ్మ నడుస్తుంది, మాట్లాడుతుంది, ఇల్లు కడుతుంది. 2007లో ఇస్లాం ఆన్‌లైన్ సంస్థ అక్కడే మక్కా నమూనా కట్టి, హజ్ విధులను వరుసగా నేర్చుకునే ఏర్పాటు చేసింది. అది హజ్ కాదు, హజ్‌కు ముందు చదువుకునే పాఠం. తవాఫ్ ఎక్కడ మొదలుపెట్టాలి, సయీ ఎటు నుంచి ఎటు చేయాలి అన్నది పుస్తకంలో పదిసార్లు చదివినా పిల్లలకు దిక్కు తెలియదు. నడిచి చూస్తే ఒక్కసారికే తెలుస్తుంది. పాతికేళ్లకు పైగా బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పినవాళ్లం కాబట్టి ఈ మాట నమ్మకంగా అంటున్నాం.

అయితే మన పిల్లల్ని సెకండ్ లైఫ్‌లోకి పంపం. అక్కడ అపరిచితులు తిరుగుతారు, పెద్దలకు మాత్రమే తగిన చోట్లు కూడా ఉన్నాయి. దానికి బదులు ఓపెన్‌సిమ్యులేటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అలాంటి లోకాన్నే మన గదిలోని ఒక కంప్యూటర్‌లో, బయటి ఇంటర్నెట్‌తో సంబంధం లేకుండా నడపవచ్చు. చిన్న తరగతులకు లుయాంటీ చాలు. 2024 వరకు దీన్ని మైన్‌టెస్ట్ అనేవారు. ఇటుకల్లాంటి దిమ్మెలు పేర్చి కట్టే లోకం ఇది. ప్రస్తుతం మన అమ్మాయిలు అందులో చార్మినార్ కడుతున్నారు. పై అంతస్తులో పడమటి వైపు మసీదు ఉందన్న సంగతి వాళ్లలో చాలామందికి కట్టేటప్పుడే తెలిసింది.

ఇక చిక్కు ఎక్కడుందో చూద్దాం. విడి గ్రాఫిక్స్ కార్డుకు సొంత మెమరీ ఉంటుంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లోని గ్రాఫిక్స్ భాగం ప్రాసెసర్‌లోనే కలిసి ఉంటుంది, దానికి సొంత మెమరీ ఉండదు. సొంత వంటిల్లు లేని అద్దె కాపురం లాంటిది. ఇంటివారి పొయ్యి మీదే, వారితో పాటే వండుకోవాలి. డీడీఆర్4-2400 రకం ర్యామ్ ఒకటే ఉంటే సెకనుకు గరిష్ఠంగా 19.2 గిగాబైట్ల సమాచారం కదులుతుంది. దాన్నే ప్రాసెసర్, గ్రాఫిక్స్ పంచుకోవాలి. ఎన్‌విడియా జీటీఎక్స్ 1050 అనే మామూలు కార్డు తన సొంత మెమరీతోనే సెకనుకు 112 గిగాబైట్లు కదిలిస్తుంది. నత్తనడకకు ముఖ్య కారణం ఈ తేడాయే.

చాలా ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌కు రెండు స్లాట్లు ఉంటాయి, కంపెనీ ఒకదాన్నే నింపి అమ్ముతుంది. రెండో దానిలో అదే రకం, అంతే పరిమాణం ఉన్న ర్యామ్ పెడితే దారి రెండింతలై 38.4 గిగాబైట్లకు పెరుగుతుంది. పొయ్యికి రెండో బర్నర్ పెట్టినట్టే. మా లెక్కలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసేది మరొకటి లేదు. దుకాణంలో ముందుగా ఎస్‌ఎస్‌డీ అంటగడతారు. దానితో ల్యాప్‌టాప్ త్వరగా తెరుచుకుంటుంది కానీ, తెరుచుకున్నాక బొమ్మ నడక మారదు. బయోస్‌లోకి వెళ్లి వీడియో మెమరీ అంకె పెంచమని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. ఆ మెమరీ కూడా అదే ర్యామ్ నుంచి కోసి ఇచ్చేదే కనుక దానివల్ల పెద్దగా ఒరిగేది లేదు.

పైసా ఖర్చు లేనిది సెట్టింగుల పని. మొదట తగ్గించవలసింది చూపు దూరం, దీన్నే డ్రా డిస్టెన్స్ అంటారు. 256 మీటర్ల నుంచి 128కి తగ్గిస్తే యంత్రం గీయవలసిన నేల సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. 64కి తగ్గిస్తే పదహారో వంతే. వృత్త వైశాల్యం పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు దొరకలేదు. తవాఫ్ నేర్చుకునే పిల్లకు ఎదురుగా కాబా కనిపిస్తే చాలు, దూరపు కొండలు ఎందుకు? తరువాత నీడలు పూర్తిగా తీసేయాలి. నీటిలో ప్రతిబింబాలూ అంతే. లుయాంటీలోనైతే త్రీడీ మబ్బులు ఆపి, ఆకులను సాదా రకానికి మార్చాలి. తెర 1920×1080 ఉంటే 20,73,600 చుక్కలు గీయాలి. 1280×720కి దించితే 9,21,600 చాలు. అక్షరాలు కాస్త మసకబారతాయి, పిల్లలు రెండు రోజుల్లో అలవాటు పడతారు.

భవనాల కంటే మనుషుల బొమ్మలే ఎక్కువ బరువు. ఒక్కో బొమ్మ జుట్టు, దుస్తులు, నగలు వేరువేరుగా గీయాలి. అందుకే గుంపు చేరిన చోట మంచి యంత్రం కూడా తడబడుతుంది. ఓపెన్‌సిమ్యులేటర్‌లో ఒక్కసారికి ఆరుగురు పిల్లలను మించి పంపం. బొమ్మలకు సాదా దుస్తులే వేయిస్తాం.

చివరిది వేడి. చిప్ బాగా వేడెక్కితే తన వేగం తానే తగ్గించుకుంటుంది. పదిహేను నిమిషాలు బాగా నడిచి ఆ తరువాత నత్తలా మారితే అనుమానించవలసింది దుమ్మునే. ఫ్యాను శుభ్రం చేయించి, ల్యాప్‌టాప్‌ను దుప్పటి మీద కాక బల్ల మీద పెట్టి, చార్జర్ తగిలించి నడపాలి. సెకనుకు 30 చిత్రాలు దాటకుండా హద్దు పెడితే వేడి ఇంకా తగ్గుతుంది.

ఇవన్నీ చేసినా కొన్ని పనులు జరగవు. కళ్లద్దాల్లా తలకు తగిలించుకునే వీఆర్ పరికరాలకు ఈ యంత్రాలు చాలవు. ఆర్కిటెక్చర్ చదవాలనుకునే పిల్లకు ముందు ముందు మంచి గ్రాఫిక్స్ కార్డు అవసరం పడుతుంది. అప్పుడు ఆ ఒక్కరి కోసం ఒక్కటి అడుగుతాం, ఇన్షాఅల్లాహ్. పదో తరగతి లోపు పిల్లలకు ఇప్పుడున్నవే సరిపోతాయని కమిటీకి రాసిచ్చాం.

కనుక ఈసారి దాతలను అడిగేది ల్యాప్‌టాప్‌లకు సరిపడే ర్యామ్. డీడీఆర్3 రకం డీడీఆర్4 స్లాట్‌లో పట్టదు, డెస్క్‌టాప్‌ది ల్యాప్‌టాప్‌లో పట్టదు. కొన్ని పల్చటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, వాటిని మార్చలేం. కాబట్టి కొని పంపే ముందు మా దగ్గరున్న మోడళ్ల జాబితా చూడండి, ఆఫీసు గోడ మీద అంటించాం. ఇంట్లో పాతది ఇవ్వదలచినవారు మీ ఫొటోలు, పత్రాలు తీసేసుకుని, దాని చార్జర్‌తో సహా ఇవ్వండి.