ఆకాశపటంలో ‘దేవుని వేళ్లు’



రాత్రి ఆకాశాన్ని చూసినప్పుడు మన కంటికి దిక్కు తెలుస్తుంది గాని దూరం తెలియదు. పక్కపక్కన కనిపించే రెండు గెలాక్సీలలో ఒకటి దగ్గరగా, మరొకటి దానికి పదిరెట్ల దూరాన ఉండవచ్చు. ఫోటో ఎంత పెద్దదైనా ఈ లోటు తీరదు. దాన్ని తీర్చినది కాంతిని రంగులుగా విడదీసి చదివే విద్య.

ఈ విద్యలో తొలి అడుగులు వేసినవారిలో యేసుసభ గురువు ఫాదర్ ఆంజెలో సెక్కి ఒకరు. 1860లలో రోము నగరంలో, పునీత ఇగ్నేషియస్ వారి దేవాలయం పైన కట్టిన వేధశాల నుండి ఆయన సుమారు 4,000 నక్షత్రాల వర్ణపటాలను పరిశీలించి తరగతులుగా విభజించారు. గెలాక్సీల వంతు తరువాతి శతాబ్దంలో వచ్చింది.

వర్ణపటంలో ప్రతి మూలకానికీ తన సొంత గీతలు ఉంటాయి. హైడ్రోజన్ ఎర్రగీత 656 నానోమీటర్ల దగ్గర ఉండాలి. కోమా అనే గుంపుకు చెందిన గెలాక్సీలో అది సుమారు 671 దగ్గర కనిపిస్తుంది. అంటే 15 నానోమీటర్లు జరిగింది. 15ను 656తో భాగించి, కాంతి వేగమైన సెకనుకు 3 లక్షల కిలోమీటర్లతో హెచ్చించండి. దాదాపు 7 వేలు వస్తుంది. ఆ గుంపు సెకనుకు అన్ని కిలోమీటర్ల చొప్పున మననుండి దూరమవుతున్నదన్నమాట. దూరం పెరిగేకొద్దీ ఈ వేగం పెరుగుతుందని 1929లో ఎడ్విన్ హబుల్ చూపారు. నేటి లెక్కలో ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాలకు సుమారు 70 కిలోమీటర్లు. 7 వేలను 70తో భాగిస్తే 100. కనుక కోమా దూరం సుమారు 32 కోట్ల 60 లక్షల కాంతి సంవత్సరాలు. పెన్సిలు పట్టి మీరే ఒకసారి చేసి చూడండి, కష్టమేమీ లేదు.

అమెరికాలోని హార్వర్డ్-స్మిత్సోనియన్ ఖగోళ కేంద్రం వారు 1977లో ఈ లెక్కను వేల గెలాక్సీలకు చేయ పూనుకున్నారు. అరిజోనాలో హాప్కిన్స్ కొండ మీద ఒకటిన్నర మీటర్ల టెలిస్కోపు. ఒకసారికి ఒకే గెలాక్సీ. ఎంత ఓపికో ఊహించండి! 1986లో వలేరీ డి లాపరెంట్, మార్గరెట్ గెల్లర్, జాన్ హుక్రా ఆకాశంలోని ఒక సన్నని చీలికలో సుమారు 1,100 గెలాక్సీలను పటం మీద గుర్తించారు. అవి సమంగా చల్లినట్టు లేవు. సబ్బు నురగలో బుడగల పొరల మాదిరిగా పేరుకొని ఉన్నాయి. మధ్యలో పెద్ద ఖాళీలు, కొన్ని 15 కోట్ల కాంతి సంవత్సరాల వెడల్పు. పటం నడుమ కాళ్లూ చేతులూ చాచిన మనిషి బొమ్మ కూడా కనిపించింది. ఆ బొమ్మ మొండెం మన కోమా గుంపే.

ఇక్కడే జాగ్రత్త అవసరం. ఆ మొండెం గీతలా సాగి భూమివైపు గురిపెట్టి ఉంది. ఇటువంటి పటాలలో పెద్ద గుంపులన్నీ అలాగే కనిపిస్తాయి. ఖగోళ శాస్త్రజ్ఞులు చమత్కారంగా వీటికి ‘దేవుని వేళ్లు’ అని పేరు పెట్టారు. పేరు విని ఎవరూ దీన్ని అద్భుతమని ప్రచారం చేయరాదు. ఈ వేళ్లు ఆకాశంలో లేవు, పటంలోనే ఉన్నాయి. వర్ణపటం చెప్పేది వేగం మాత్రమే; దూరం మనం దానినుండి కట్టుకున్న లెక్క. గుంపులోని గెలాక్సీలు పరస్పర ఆకర్షణ వల్ల సెకనుకు వెయ్యి కిలోమీటర్ల వేగంతో లోలోపల తిరుగుతుంటాయి. అలా మనవైపు కదులుతున్న గెలాక్సీ వేగం 7 వేలకు బదులు 6 వేలుగా నమోదవుతుంది. పటంలో అది నాలుగున్నర కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా ముందుకు జరిగిపోతుంది. గుంపు అసలు వెడల్పు కంటే ఈ తేడాయే పెద్దది.

గెల్లర్, హుక్రా 1989లో ప్రకటించిన ‘మహాకుడ్యం’ మాత్రం ఇటువంటి భ్రమ కాదు. అది 50 కోట్ల కాంతి సంవత్సరాల పొడవున మన చూపుకు అడ్డంగా సాగుతుంది.

తరువాత పని వేగం పెరిగింది. ఆస్ట్రేలియాలో 1997-2002 మధ్య ఒకేసారి 400 గాజు తంతువులతో సుమారు 2 లక్షల 20 వేల గెలాక్సీలను కొలిచారు. అరిజోనాలోనే కిట్ పీక్ కొండ మీద 2021లో మొదలైన సర్వేలో 5,000 తంతువులను చిన్న చిన్న రోబోలు తిప్పుతాయి. అయినా వేళ్లు పోలేదు. పోనక్కరలేదు కూడా, ఎందుకంటే గుంపు బరువు ఎంత ఎక్కువైతే లోపలి పరుగు అంత ఎక్కువ, వేలు అంత పొడవు. 1933లోనే ఫ్రిట్జ్ జ్విక్కీ ఇదే కోమా గుంపులోని కొన్ని గెలాక్సీల వేగాలనుబట్టి దాని బరువు కట్టి చూశారు. వెలిగే నక్షత్రాలన్నీ కలిపినా ఆ బరువుకు ఏ మూలకూ చాలలేదు. ఆ మిగిలిన కనిపించని పదార్థం ఏమిటో ఇంకా తేలలేదు.