ఆంగ్లబోధనమున మాతృభాష

క్రిందటి సంవత్సరము ఆఱవ తరగతిలో నొక బాలుడు పడవను గూర్చిన ఇంగ్లీషు పాఠమును తడబడక చదివెను. ఉచ్చారణము చక్కగా నుండెను గనుక మెచ్చుకొంటిమి. పిమ్మట, పడవను ఎక్కడ కట్టిరని తెలుగున నడుగగా, "బ్యాంకులోనండీ, డబ్బు దాచుకొను చోట" అని బదులు చెప్పెను. తరగతి యంతయు నవ్వెను.

ఆ బాలుడు గోదావరి లంకలలో పుట్టి పెరిగినవాడు. ఏటిగట్టు, రేవు, గెడ, లంగరు – ఇవి యతనికి దెలిసినట్లు మాలో నెవరికిని దెలియవు. 'బ్యాంక్' అన్నచోట 'గట్టు' అని యొక్కమాట చెప్పియుండిన చాలెడిది. ఇంగ్లీషు తరగతిలో తెలుగు వినబడరాదను పట్టుదలచే మే మామాట చెప్పమైతిమి. పిల్లలు నవ్వవలసినది మమ్ము జూచి.

ఆ పట్టుదలలో కొంత న్యాయము లేకపోలేదు. ప్రతి వాక్యమును తెలుగు చేసి చెప్పినచో పిల్లలు ఇంగ్లీషు వినుట మాని, వెనుకవచ్చు తెలుగుకై కాచుకొందురు. చెవి యలవాటు పడనిదే పరభాష నోటికి రాదు. కావున మాటకు మాట దింపుట మా యభిప్రాయము కాదు. అర్థము చిక్కనిచోటను, రెండు భాషలు వేఱు త్రోవల బోవుచోటను తెలుగు కావలయును.

ఒక యుదాహరణము. "నాకు ఇద్దరు తమ్ములు గలరు" అని మనమందుము. దానినే ఇంగ్లీషువారు, తమ్ములు తమ సొత్తయినట్లు, "ఐ హావ్ టూ బ్రదర్స్" అందురు. మన క్రియ సాధారణముగా వాక్యాంతమున నిలుచును. వారిది నడుమనే వచ్చును. మనకు 'మనము' వేఱు, 'మేము' వేఱు. వారికి రెంటికిని 'వుయ్' ఒక్కటే. మేనమామయు పినతండ్రియు వారికి 'అంకుల్' మాత్రమే. ఈ జంటలను నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాసినపుడు, తమ తప్పు లెక్కడనుండి వచ్చుచున్నవో పిల్లలే కనిపెట్టిరి. 'మనము', 'మేము' అను భేదమును తెలుగు తరగతిలో నెన్నడు నింత శ్రద్ధగా వినలేదని తెలుగు పండితులు మాతో ననిరి!

అయితే తరగతిలో నందఱి మాతృభాషయు తెలుగేనా? పర్లాకిమిడిలో నుపాధ్యాయులైన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863–1940) సమీపపు కొండలలోని సవరల భాషను నేర్చి, వారి పిల్లలకు ఆ భాషలోనే వాచకములు సిద్ధపఱచిరి. 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. మన బాలునికి ఇంగ్లీషు వాచక మెట్టిదో, సవర బాలునికి తెలుగు వాచకమును అట్టిదే కదా.

తెలుగు చెప్పిన ఇంగ్లీషు తగ్గునని తల్లిదండ్రులు కొందఱు మాతో ననిరి. వారి భయము నిజమైనది. ఉద్యోగము లింగ్లీషును గోరుచున్నవి. 2020 నాటి జాతీయ విద్యావిధానము, వీలైనచోట కనీసము అయిదవ తరగతివఱకు ఇంటిభాషలో గాని ప్రాంతభాషలో గాని బోధింపవలెనని చెప్పుచునే, ఇతర భాషలను విడువుమనలేదు. మీ పిల్లలు చదివిన ఇంగ్లీషు పాఠమును రాత్రి భోజనమువేళ తెలుగున కథగా చెప్పుమని యడుగుడు. చెప్పలేకపోయిన, వారిని దండింపక మాకు దెలుపుడు.

ఈ సంవత్సరము ఆఱవ తరగతివారు మాటల పుస్తకమొకటి పెట్టుకొనిరి. ఒక వరుస ఇంగ్లీషు, ఒక వరుస తెలుగు. ఒక లంబాడీ బాలిక మూడవ వరుస గీచుకొని నీళ్లకు 'పాణి' అని వ్రాసినది. మేము 'పానీ' అని చదువగా, ణకారమును పలుకుమని మమ్ము దిద్దినది.