రోబో సీరియల్ నంబర్ మ్యాచ్ కాకపోతే ఏం చేయాలి? ఫస్ట్ టైమ్ సెటప్‌లో ఆ ఒక్క బటన్ గురించి పూర్తి వివరాలు

సర్వీస్ సెంటర్‌లో ఫోన్ మదర్‌బోర్డు మార్పించాక ఎప్పుడైనా ఐఎంఈఐ చెక్ చేశారా? బాక్స్ మీద ఒక నంబర్ ఉంటుంది, స్క్రీన్ మీద ఇంకోటి కనిపిస్తుంది. కొంచెం కంగారు పడతాం, అంతే. నంబర్ మారినంత మాత్రాన టచ్ పక్కకి జరగదు, కెమెరా వంకరగా చూడదు.

ఫ్యాక్టరీల్లో వాడే ఇండస్ట్రియల్ రోబో కథ వేరు. దాని సీరియల్ నంబర్ వెనకాల ఆ రోబో చేతికి మాత్రమే సరిపోయే కొలతలు ఉంటాయి. నంబర్ మ్యాచ్ కాలేదని మెసేజ్ వచ్చినప్పుడు తప్పు ఆప్షన్ నొక్కామంటే, వందల కిలోల మెషిన్ తను ఎక్కడుందో తనకే తెలియకుండా కదులుతుంది. ఈ ఆర్టికల్‌లో ఏబీబీ కంపెనీ ఐఆర్‌సీ5 కంట్రోలర్‌ని ఉదాహరణగా తీసుకుని ఇదంతా ఎలా పని చేస్తుందో చూద్దాం.

డేటా రెండు చోట్ల ఉంటుంది

రోబో అంటే రెండు భాగాలు. ఒకటి కదిలే చేయి, రెండోది దాన్ని నడిపే కంట్రోలర్ క్యాబినెట్. చేతి లోపల సీరియల్ మెజర్‌మెంట్ బోర్డు అని ఒక చిన్న బోర్డు ఉంటుంది. అందరూ ఎస్ఎంబీ అంటారు. రోబో సీరియల్ నంబర్, ఒక్కో యాక్సిస్ క్యాలిబ్రేషన్ ఆఫ్‌సెట్ విలువలు ఈ బోర్డు మెమరీలో ఉంటాయి. వాటి కాపీ క్యాబినెట్‌లో కూడా ఉంటుంది.

రెండు కాపీలు ఒకేలా ఉన్నంత వరకు ఏ గొడవా లేదు. తేడా వస్తే 50296 నంబర్‌తో ఎస్ఎంబీ మెమరీ డేటా డిఫరెన్స్ అనే మెసేజ్ వస్తుంది. అది చెప్పేది ఒక్కటే: "నా దగ్గర రెండు రకాల వివరాలున్నాయి, ఏది నమ్మాలో నువ్వే చెప్పు."

ఆఫ్‌సెట్ తప్పయితే ఎంత తేడా వస్తుంది?

ప్రతి మోటారులో రిజాల్వర్ అనే సెన్సర్ ఉంటుంది. మోటారు ఒక చుట్టులో ఏ కోణంలో ఉందో అది చెబుతుంది. ఎన్ని చుట్లు తిరిగిందో రెవల్యూషన్ కౌంటర్ లెక్కపెడుతుంది. పవర్ లేనప్పుడు ఆ లెక్క పోకుండా ఎస్ఎంబీ బ్యాటరీ కాపాడుతుంది. ఇక ఆఫ్‌సెట్ అంటే, యాక్సిస్ సున్నా డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు మోటారు ఉండాల్సిన కోణం. ఏ రెండు రోబోలకీ ఇది ఒకేలా ఉండదు, మోడల్ ఒకటే అయినా సరే.

చిన్న లెక్క చేద్దాం. గేర్ రేషియో 100 అనుకుంటే, మోటారు ఒక పూర్తి చుట్టు తిరిగినప్పుడు చేయి 3.6 డిగ్రీలు కదులుతుంది. చేయి పొడవు 2 మీటర్లు అయితే చివర్లో తేడా దాదాపు 12.5 సెంటీమీటర్లు! 0.1 డిగ్రీ తప్పున్నా 3.5 మిల్లీమీటర్లు పోతుంది. స్పాట్ వెల్డింగ్ చేసే రోబోకి అది చాలా ఎక్కువ. ఫిక్స్‌చర్‌ని గుద్దినా గుద్దేస్తుంది.

ఏ వైపు నుంచి ఏ వైపుకి కాపీ చేయాలి?

అసలు విషయం ఇదే. ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: కొత్తగా వచ్చిన పార్ట్ ఏది?

1. క్యాబినెట్ మార్చారు, చేయి పాతదే: ఎస్ఎంబీలో ఉన్నదే నిజం. ఎస్ఎంబీ నుంచి క్యాబినెట్‌కి కాపీ చేయాలి.

2. చేయి మొత్తం మార్చారు: కొత్త చేయి తన ఎస్ఎంబీని, తన విలువలని వెంట తెచ్చుకుంది. ఇప్పుడు కూడా ఎస్ఎంబీ నుంచి క్యాబినెట్‌కే.

3. ఎస్ఎంబీ బోర్డు ఒక్కటే మార్చారు: చేయి పాతది, మోటార్లు పాతవి, బోర్డులో మాత్రం ఏమీ లేదు. ఇక్కడ క్యాబినెట్ నుంచి ఎస్ఎంబీకి కాపీ చేయాలి.

చాలామంది తడబడేది మూడో దాని దగ్గరే. ఇంకో రోబో నుంచి ఊడదీసిన బోర్డుని స్పేర్‌గా పెట్టారనుకోండి. అందులో ఆ రోబో సీరియల్ నంబర్, ఆ రోబో ఆఫ్‌సెట్లు ఉంటాయి. అలవాటు కొద్దీ ఎస్ఎంబీ నుంచి క్యాబినెట్‌కి అని నొక్కితే, ఉన్న ఒక్క సరైన కాపీ మీద తప్పు డేటా వచ్చి కూర్చుంటుంది. మెసేజ్ మాయమవుతుంది, స్క్రీన్ అంతా బాగానే ఉంటుంది. తప్పు మాత్రం లోపలే ఉండిపోతుంది. అందుకే పాత బోర్డు వాడేటప్పుడు ముందు దాని మెమరీ క్లియర్ చేయాలి.

స్టెప్ బై స్టెప్ సెటప్

- పవర్ ఇచ్చే ముందు చేతి మీదున్న నేమ్ ప్లేట్‌ని, క్యాలిబ్రేషన్ ఆఫ్‌సెట్ల లేబుల్‌ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. రెండు మెమరీలూ పోయినా మిగిలేది ఆ లేబులే.

- కంట్రోలర్ నడుస్తుంటే ముందు బ్యాకప్ తీయండి. బ్యాకప్‌లోని ఎంఓసీ డాట్ సీఎఫ్‌జీ ఫైల్‌లో కూడా ఆఫ్‌సెట్ విలువలు ఉంటాయి. ఇదే కారణంతో వేరే రోబో బ్యాకప్ ఎక్కించినప్పుడు కూడా లేబుల్‌తో సరిచూడటం తప్పనిసరి.

- ఫ్లెక్స్‌పెండెంట్‌లో క్యాలిబ్రేషన్ మెనూ తెరిచి, ఎస్ఎంబీ మెమరీ ఆప్షన్‌లో రెండు వైపులా ఉన్న సీరియల్ నంబర్లు చూడండి. నేమ్ ప్లేట్‌తో కలిసేది ఏదో తేల్చుకున్నాకే కాపీ చేయండి.

- కాపీ అయ్యాక ఆరు యాక్సిస్‌ల ఆఫ్‌సెట్లూ లేబుల్‌తో పోల్చండి. ఒక్క అంకె కూడా వదలొద్దు.

- 20032 మెసేజ్ వస్తే రెవల్యూషన్ కౌంటర్లు అప్‌డేట్ కాలేదని అర్థం. చేతిని లేదా ఎస్ఎంబీని మార్చినప్పుడు ఈ పని ఎలాగూ ఉంటుంది. ఒక్కో యాక్సిస్‌ని సింక్ మార్క్ దగ్గరికి జాగ్ చేసి, అప్పుడు అప్‌డేట్ నొక్కండి. గుర్తుకి దూరంగా ఉండగా నొక్కితే పైన చెప్పిన ఒక చుట్టు తేడా వచ్చేస్తుంది.

- చివరగా మాన్యువల్ మోడ్‌లో, తక్కువ స్పీడ్‌లో, మూవ్ఆబ్స్‌జే ఇన్‌స్ట్రక్షన్‌తో అన్ని యాక్సిస్‌లనీ సున్నాకి తీసుకెళ్లండి. గుర్తులన్నీ ఎదురెదురుగా వచ్చి నిలబడితేనే సెటప్ కరెక్ట్. ఈ మోడ్‌లో స్పీడ్ సెకనుకి 250 మిల్లీమీటర్లు దాటదు. అయినా రోబో అందుకునే దూరంలో ఎవరినీ నిలబడనివ్వొద్దు.

లైసెన్స్ సంగతి?

రోబోవేర్ 6 లో లైసెన్స్ ఫైళ్లు కూడా సీరియల్ నంబర్లకే ముడిపడి ఉంటాయి. పక్క సెల్‌లో రోబో ఫైల్ తెచ్చి వేస్తే సరిపోదు. నంబర్ నిజంగా మారితే తయారీదారు దగ్గర సరైన లైసెన్స్ తీసుకోవాలి. లైసెన్స్ కోసం రోబో నంబర్‌నే మార్చేద్దాం అనే ఐడియా మాత్రం వద్దు. ఆ నంబర్ వెనకాలే ఆఫ్‌సెట్లు ఉన్నాయని మర్చిపోకండి.

ఇది ఏబీబీకి మాత్రమే పరిమితం కాదు. కూకా కేఆర్‌సీ4 లో కూడా చేతి దగ్గరుండే ఆర్‌డీసీ బాక్స్ మెమరీలో రోబోకి సంబంధించిన డేటా దాచుకుంటుంది. మెనూ పేర్లు వేరు, పద్ధతి వేరు, కానీ వేసుకోవాల్సిన ప్రశ్న అదే.

ఫోన్‌లో తప్పు బటన్ నొక్కితే రీసెట్ చేసుకుంటాం. ఇక్కడ ఆ ఛాన్స్ లేదు. కాబట్టి స్క్రీన్ అడిగే ప్రశ్నకి జవాబు స్క్రీన్ మీద వెతకొద్దు. లేచి వెళ్లి చేతి మీదున్న ప్లేట్ చదవండి, ఏ పార్ట్ మార్చారో టెక్నీషియన్‌ని అడగండి. రెండు నిమిషాల పని అది.