ట్రాక్ మీద పెట్రోలు వాసన

ప్రశ్న: చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో నా టర్బో పెట్రోలు కారు నడిపి ఆపగానే పెట్రోలు వాసన వస్తోంది. కింద ఒక్క చుక్కా పడటం లేదు. పట్టించుకోవాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తప్పకుండా పట్టించుకోండి. చుక్క పడనంత మాత్రాన లీకు లేదనుకోవద్దు. వేడి ఇంజను మీద కారిన పెట్రోలు నేల చేరేలోపే ఆవిరైపోతుంది. ఆ ఆవిరి అంటుకోవడానికి నిప్పురవ్వే అక్కర్లేదు, బాగా కాలిన లోహం చాలు. ట్రాక్ మీద టర్బో 700 డిగ్రీలు దాటి ఎర్రబడుతుంది.

ట్యాంకు అంచుదాకా నింపితే మలుపుల్లో పెట్రోలు ఎగదన్ని ఆవిరి పట్టే బొగ్గు డబ్బాలోకి పోతుంది. వాసనకు అదీ కారణం కావచ్చు. కానీ నేనైతే ముందు పెట్రోలు గొట్టాలనే అనుమానిస్తాను. ఇంజను చల్లారాక, క్లిప్పు బిగించిన చోట రబ్బరును కాస్త వంచి టార్చితో చూడండి: సన్నటి పగుళ్లు, తడి, దుమ్ము అంటుకున్న మరక కనిపిస్తాయేమో. పాత కారైతే ఆ గొట్టాలు 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు తట్టుకునేవేనా అని మెకానిక్‌ను అడగండి. డైరెక్ట్ ఇంజెక్షన్ కారులో ఇంజను మీది పైపుల్లో ఒత్తిడి 200 బార్ కూడా దాటవచ్చు, వాటి జోలికి మీరు వెళ్లకండి.

నడుపుతుండగా పొగ వస్తే ట్రాక్ మార్షల్ దగ్గర ఆపి, ఇంజను కట్టేసి వెంటనే దిగండి. బానెట్ ఎత్తొద్దు, గాలి తగిలి మంట ఎగుస్తుంది. ఇప్పుడు మాత్రం ఆ కారును హైదరాబాద్ దాకా నడుపుకుని రాకండి, లారీ మీద ఎక్కించి తెప్పించుకోండి.