తినేసినవి లెక్కలోకి రావు

హన్మకొండ

అమ్ములూ,

నువ్వు పంపిన షీటు, గ్రాఫు తీరిగ్గా చూశాను. వారమంతా మాదాపూర్ ఆఫీసులో డేటాతో కుస్తీపట్టి, ఆదివారం తెల్లారకముందే లేచి కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో సీతాకోకచిలుకల వెంట తిరుగుతున్నావంటే నా మనసు నిండిపోయింది. జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైన నాకు ఇంతకంటే ఏం కావాలి? అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

కామన్ మోర్మన్ సీతాకోకల్లో ఆడవాటిని ఎంచుకోవడం బాగుంది. మన పెరటి కరివేపాకు చెట్టు మీద పెరిగేది అదే. ఆడవాటిలో మూడు రూపాలు కనిపిస్తాయి. ఒకటి అచ్చం మగదానిలాగే ఉంటుంది, రెండోది కామన్ రోజ్ అనే సీతాకోకలా, మూడోది క్రిమ్సన్ రోజ్ అనే సీతాకోకలా ఉంటాయి. ఈ రోజ్‌లు రెండూ ఈశ్వరి తీగ జాతి మొక్కల ఆకులు తిని విషం ఒంట పట్టించుకుంటాయి కాబట్టి ఒకసారి రుచి చూసిన పక్షులు మళ్ళీ వాటి జోలికి పోవు. మోర్మన్‌కు విషం లేదు, ఆ వేషం మాత్రమే ఉంది. ఇలాంటి అనుకరణను ప్రకృతి శాస్త్రవేత్త బేట్స్ 1862లో అమెజాన్ అడవుల సీతాకోకల మీద వివరిస్తే, మోర్మన్ ఆడవాటి రూపాల గురించి మరో ప్రకృతి శాస్త్రవేత్త వాలెస్ 1865లోనే రాశాడు.

నువ్వు ఒక్కో సీతాకోకకు రోజ్‌లతో పోలికను బట్టి మార్కులు వేసి, రెక్కల మీద పక్షి ముక్కు గాట్లు లెక్కపెట్టి, రెండింటికీ లీనియర్ రిగ్రెషన్ కట్టావు. పోలిక పెరిగేకొద్దీ గాట్లూ పెరిగాయని గీత చెప్పింది. దాంతో అనుకరణ వల్ల లాభం లేదని తేల్చేశావు. అక్కడే కాస్త ఆగాలి తల్లీ.

నీ షీటులో ఉన్నవన్నీ బతికి బయటపడ్డవే. పక్షి మింగేసిన సీతాకోక నీ కెమెరాకు ఎలా చిక్కుతుంది? గాటు ఉందంటే దాడి జరిగిందనీ, ఆ దాడి నుంచి అది తప్పించుకుందనీ అర్థం. రోజ్‌ను పోలినదాన్ని పక్షి పట్టుకుని, అనుమానమొచ్చి వదిలేసి ఉండొచ్చు. పోలిక లేనిదాన్ని గుటుక్కున మింగేసి ఉండొచ్చు. అలాగైతే గాట్లు ఎక్కువ ఉండటం అనుకరణ పనిచేసిందనడానికే సాక్ష్యం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1943లో, గణాంక శాస్త్రవేత్త అబ్రహాం వాల్డ్ తూటా దెబ్బలతో తిరిగొచ్చిన విమానాలను లెక్కగట్టేటప్పుడు, తిరిగిరాని విమానాలను కూడా లెక్కలో ఉంచి పద్ధతి తయారుచేశాడు. నీకు కావలసింది ఆ చూపే.

ఇక చేయవలసిన పని చెబుతాను. చిరుగులన్నీ గాట్లు కావు. రెక్కలు మూసి ఉండగా ముక్కుతో పట్టుకుంటే రెండు పక్కలా ఒకేచోట, ఒకే ఆకారంలో తునక ఊడుతుంది. ముల్లుకు గీసుకుంటే తరచూ ఒక పక్కే చిరుగుతుంది. పొలుసులు రాలి రంగు వెలిసిన రెక్క వయసు మీరినదానిది, దాని మీద దెబ్బలు ఎలాగూ ఎక్కువే ఉంటాయి. కాబట్టి రెక్క అరుగుదలను రెండో చలరాశిగా చేర్చు.

తర్వాత, రోజ్‌లను కూడా లెక్కపెట్టు. వాటిని తిని చేదు ఎరిగిన పక్షికే ఆ వేషమంటే భయం. రోజ్‌లు కరువైన చోట వేషం పారదు. అంటే నీ గీత వాలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. పోలిక మార్కునూ, ఆ చోటి రోజ్‌ల సంఖ్యనూ గుణించి ఆ పదాన్ని కూడా మోడల్‌లో పెడితే ఈ తేడా బయటపడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, మింగేసినవాటిని లెక్కలోకి తెచ్చే దారి వెతకడం. మెత్తటి ప్లాస్టిసిన్‌తో ఒళ్ళు, ప్రింటు తీసిన కాగితంతో రెక్కలు చేసి, అనుమతి తీసుకుని కొమ్మలకు కట్టు. ముక్కు గుర్తు ప్లాస్టిసిన్ మీద నిలుస్తుంది, చీమలు కొరికితే గుర్తు వేరుగా ఉంటుంది. మాయమైనవాటిని విడిగా రాసుకో. జవాబు దాడి జరిగిందా లేదా అన్నదే కాబట్టి అక్కడ లాజిస్టిక్ రిగ్రెషన్ కట్టాలి. ఒకే చెట్టుకు కట్టినవన్నీ ఒకే పక్షి కంట పడతాయి, వాటిని వేర్వేరు సాక్ష్యాలుగా లెక్కించకు.

కొలతల విలువకు ఒక ఉదాహరణ చెబుతాను. గచ్చిబౌలిలో హైదరాబాద్ యూనివర్సిటీ పక్క రోడ్డుకు గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి పేరుంది. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన ఆయన, 1946 నుంచి 1948 వరకు కేంబ్రిడ్జ్‌లో సూడాన్ తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతల మీద పనిచేశారు. అంత పెద్ద సిద్ధాంతకర్త అయినా పురాతన ఎముకల కొలతలతో కుస్తీపట్టారు. అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా సూత్రం ఒక్కటే ఏం చేస్తుంది?

లెక్కలోకి రానివాటిని గుర్తుంచుకోవడమన్నది నీ ఉద్యోగానికీ వర్తిస్తుంది. యాప్ వాడుతున్నవాళ్ళనే సర్వే చేసి అందరూ సంతోషంగా ఉన్నారని రిపోర్టు ఇస్తే, విసుగొచ్చి తీసేసినవాళ్ళ మాట ఎవరు చెబుతారు? ఏ టేబుల్ చేతికొచ్చినా, ఇందులోకి రాకుండా పోయినవాళ్ళెవరు అని ముందు అడుగు. ఆ అలవాటు నీకు ఏ సాఫ్ట్‌వేరూ నేర్పదు, నువ్వే పట్టుదలతో చేసుకోవాలి.

పాత గ్రాఫు చెరిపేయకు. రోజ్‌ల లెక్క చేర్చి కొత్తది కట్టి, రెండూ పక్కపక్కన పెట్టి పంపు. ఎండలో నీళ్ళ సీసా మరిచిపోకు.

ఇట్లు,
మామయ్య