మెట్ల దారినే వెళ్లు

చిరంజీవి బుజ్జికి,

నీ మెసేజ్ చదివాను. ప్యారిస్‌లో మీవాళ్లంతా ఐఫెల్ టవర్ ఎక్కుతుంటే నువ్వు మాత్రం కింద పచ్చికలో కూర్చుంటానన్నావు. పైగా ‘నేను పిరికిదాన్ని’ అని ఒక ముక్క. ఆ మాట నాకు నచ్చలేదు.

ఎత్తుకు వెళితే కళ్లు తిరగడం పిరికితనం కాదమ్మా. నిలబడ్డప్పుడు మన ఒళ్లు మనకు తెలియకుండానే సన్నగా ఊగుతుంటుంది. దగ్గర్లో ఉన్న గోడనో స్తంభాన్నో చూసి కళ్లు ఆ ఊపును సరిచేస్తుంటాయి. ఎత్తు మీద చూపు ఆనేందుకు దగ్గర్లో ఏదీ దొరకదు, అంతా దూరంగా ఉంటుంది. దాంతో తూలుతున్నట్టు ఉంటుంది. అలా అనిపిస్తే కిందికి చూడకు. పక్కనున్న ఇనుప దూలం మీద చూపు నిలుపు, చెయ్యి రైలింగు మీద వెయ్యి.

ఇక నా సలహా. లిఫ్టు వద్దు, మెట్లెక్కు. భయపడేదాన్ని మెట్లెక్కమంటుందేమిటి అనుకుంటావేమో. లిఫ్టు తలుపు మూసుకున్నాక నీ చేతిలో ఏమీ ఉండదు, నిమిషాల్లో తీసుకెళ్లి పైన దింపేస్తుంది. మెట్ల మీద ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో నీ ఇష్టం. టవర్ దక్షిణపు కాలులోంచి రెండో అంతస్తుదాకా 674 మెట్లున్నాయి. మొదటి అంతస్తు సుమారు 57 మీటర్ల ఎత్తులో, రెండోది 116 మీటర్ల దగ్గర. అక్కణ్ణుంచి కొసకు వెళ్లాలంటే ఎవరికైనా లిఫ్టే. అది ఇప్పుడే ఆలోచించకు.

ఆగిన చోటల్లా రివెట్లు చూడు. రంగు పొరల కింద గుండ్రటి తలలు వరసలు తీరి ఉంటాయి. ఒక్కోదాని వెనక నలుగురి పని ఉంది: ఒకరు కొలిమిలో ఎర్రగా కాల్చారు, ఒకరు రంధ్రంలో అదిమిపట్టారు, ఒకరు తల మలిచారు, ఒకరు సమ్మెటతో కొట్టారు. కాలిన ఇనుము చల్లారి ముడుచుకుంటూ రెండు ముక్కల్నీ బిగించేస్తుంది. అలాంటి రివెట్లు టవర్లో 25 లక్షలు. నిన్ను మోస్తున్నది ఆ బిగువే. అది కళ్లారా చూస్తే వచ్చే ధైర్యం నేను చెబితే రాదు.

1889 మార్చి 31న ప్రారంభం నాటికి లిఫ్టులు సిద్ధం కాలేదు. గుస్తావ్ ఐఫెల్ అతిథుల్ని మెట్ల మీదే తీసుకెళ్లి కొసన జెండా ఎగరేశాడు. వెంట వచ్చిన వాళ్లలో చాలామంది కింది అంతస్తుల దగ్గరే ఆగిపోయారు. మంత్రులూ అధికారులూ ఉన్న గుంపు అది! నువ్వు ఆగినా నామోషీ ఏమీ లేదు.

జర్మన్ మహాకవి గోథేకి కూడా కుర్రతనంలో ఎత్తంటే భయం. స్ట్రాస్‌బుర్గ్‌లో చదువుకునే రోజుల్లో అక్కడి పెద్ద చర్చి గోపురం ఒంటరిగా ఎక్కేవాడు. కొస దగ్గర పావుగంట సేపు కూర్చుని, ఆ తర్వాతే బయటికి వచ్చి నిలబడేవాడు. భయం పోయేదాకా మళ్లీ మళ్లీ అదే పని. ఆయన కథలో నాకు నచ్చింది ఆ పావుగంట. భయం పాలపొంగులా లేస్తుంది, కాసేపు ఓర్చుకుంటే తనే దిగుతుంది. లేచిన క్షణాన పరుగెత్తి వచ్చేస్తే, పారిపోవడం వల్లే బతికామని ఒళ్లు నేర్చుకుంటుంది. మరుసటిసారి ఇంకా ముందే వణుకుతుంది. అందుకని దిగాలనిపిస్తే దిగు గానీ, గుండెదడ కాస్త తగ్గాక దిగు.

మీ గుంపులో నెమ్మదిగా ఉండే ఒక్కరికి ముందే చెప్పి పెట్టుకో: చెయ్యి పట్టి లాగొద్దు, పందేలు కాయొద్దు, పక్కన నడిస్తే చాలని. మొదటి అంతస్తులో అద్దాల నేల ఉంటుంది, ఫొటో కోసం దాని మీదికి పిలుస్తారు. నీకు వద్దనిపిస్తే వద్దని చెప్పెయ్. మొహమాటానికి వేసే అడుగు ధైర్యం కాదు, దాంతో భయం పెరుగుతుంది కూడా.

గాలి తక్కువున్న రోజు చూసుకుని పొద్దున్నే వెళ్లండి. మెట్ల టికెట్టు లిఫ్టు టికెట్టు కన్నా చవక. ఎంతవరకు ఎక్కావో ఆ రోజే నాకు ఫోన్ చెయ్యి, మొదటి అంతస్తు అయినా సరే.

నీ మేలు కోరే,
అత్త