ఐర్లాండ్‌లో తుపాకీ మార్చుకోవాలనుకునే మనవాళ్లకు

ఆఫలీ కౌంటీలో ఆసుపత్రి ఉద్యోగం చేస్తున్న గుంటూరు డాక్టరు ఒకాయన ఉన్నాడనుకోండి. కన్సల్టెంట్లు, చుట్టుపక్కల రైతులు శనివారాలు క్లే షూటింగ్‌కి (గాల్లోకి విసిరే పళ్లేలను కాల్చే ఆట) వెళ్తుంటే తోడు వెళ్లాడు, అలవాటైంది. లైసెన్స్ తీసుకుని పాత డబుల్ బ్యారెల్ షాట్‌గన్ ఒకటి కొనుక్కున్నాడు. ఇప్పుడు దాన్ని డీలరుకి ఇచ్చేసి రివాల్వర్ తీసుకోవాలని ఉంది. రెండు చూసి పెట్టుకున్నాడు, ఒకటి .22, ఇంకొకటి .38 స్పెషల్. ఏది తీసుకోమంటారని అడుగుతాడు.

రెండూ కుదరవు. ఇక్కడి చట్టం ఒప్పుకోదు. ఈ మాట డీలరు చెప్పేదాకా ఆగితే బయానా కట్టేసి ఉంటారు, అందుకే ముందే చెబుతున్నా.

వెనక కథ కొంచెం తెలిస్తే వాదన మానేస్తారు. ఉత్తర ఐర్లాండ్‌లో గొడవలు ముదిరిన 1972లో ప్రభుత్వం జనం దగ్గరున్న పిస్టళ్లను, పెద్ద రైఫిళ్లను తాత్కాలికం అని చెప్పి స్టేషన్లలో జమ చేయించుకుంది. మన దగ్గర ఎన్నికలప్పుడు లైసెన్స్ తుపాకులు స్టేషన్‌లో డిపాజిట్ చేస్తాం, కౌంటింగ్ అయ్యాక తెచ్చుకుంటాం. ఇక్కడి తాత్కాలికం మాత్రం దశాబ్దాలు నడిచింది. 2004లో కోర్టు వ్యవహారం తర్వాత చేతి తుపాకులకు మళ్లీ లైసెన్సులు మొదలై, నాలుగేళ్లలో పద్దెనిమిది వందల దాకా చేరాయి. 2008 నవంబర్‌లో లిమరిక్‌లో షేన్ గేగన్ అనే రగ్బీ ఆటగాణ్ని గ్యాంగు మనుషులు వేరొకరనుకుని కాల్చి చంపారు. ఆ నెల 19న న్యాయశాఖ మంత్రి డెర్మట్ ఆహెర్న్ చేతి తుపాకుల నిషేధం ప్రకటించాడు, 2009 చట్టంలో అది ఖాయమైంది. నియంత్రిత (రెస్ట్రిక్టెడ్) కోవలోకి వచ్చే చేతి తుపాకీకి ఆ తేదీ నాటికే సర్టిఫికెట్ ఉన్నవాళ్లు కొనసాగవచ్చు, కొత్తవాళ్లు దరఖాస్తే పెట్టలేరు. .38 సంగతి అక్కడితో సరి.

.22కి సందు ఉన్నట్టు కనిపిస్తుంది. ఒలింపిక్ తరహా పోటీలకు తయారైన, ఐదు గుళ్లకు మించని .22 రిమ్‌ఫైర్ పిస్టల్‌ను నియంత్రిత జాబితా నుంచి బయట ఉంచారు. దుకాణంలో మెరిసే మామూలు .22 రివాల్వర్ ఈ వర్ణనకు సరిపోదు. సిలిండర్‌లో ఆరు గదులో, ఎనిమిదో, పదో ఉంటాయి. చేతి తుపాకీ మీదే నిజంగా మనసుంటే పోటీ పిస్టల్‌తో మొదలుపెట్టండి, అదీ గుర్తింపు ఉన్న క్లబ్బులో చేరి, కొంతకాలం క్రమం తప్పకుండా వెళ్లాక. టల్లమోర్ దగ్గరున్న మిడ్‌లాండ్స్ నేషనల్ షూటింగ్ సెంటర్ లాంటి చోట ముందు చూసి రండి. రెండు నెలల మోజు అయితే అక్కడే తీరిపోతుంది.

ఇక అసలు ప్రమాదం ఉన్న చోటికి వస్తాను. మన దగ్గర ప్రాణహాని ఉందని చూపించి రివాల్వర్ లైసెన్స్ అడగడం కొత్త కాదు. కాన్పూర్ .32 కోసం కలెక్టరాఫీసు చుట్టూ, కమిషనరాఫీసు చుట్టూ తిరిగినవాళ్లు మనందరికీ తెలుసు. ఐర్లాండ్‌లో ఆత్మరక్షణను కారణంగా తీసుకోరు. యూనిఫాంలో తిరిగే గార్డాల్లో, అంటే ఇక్కడి పోలీసుల్లో, అత్యధికుల నడుముకే తుపాకీ ఉండదు. మనకేం ఇస్తారు? చదువుకుంటూ సెక్యూరిటీ ఉద్యోగం చేసే కుర్రాళ్లు కూడా ఇది గుర్తుంచుకోవాలి. పీఎస్ఏ (ప్రైవేట్ సెక్యూరిటీ అథారిటీ) లైసెన్స్ గేటు దగ్గర నిలబడటానికే, ఆయుధానికి కాదు.

2025 జులైలో డబ్లిన్ శివారు టాలాలో ఒక భారతీయుడి మీద దాడి జరిగింది, ఆగస్టు 1న మన రాయబార కార్యాలయం జాగ్రత్తలు చెబుతూ ప్రకటన ఇచ్చింది. అలాంటి వార్త వచ్చినప్పుడు ఇంట్లో ఏదో ఒకటి ఉండాలనిపించడం సహజం. అక్కడే కాలు జారుతుంది. హైదరాబాద్‌లో ఆన్‌లైన్‌లో తెప్పించుకుని హ్యాండ్‌బ్యాగులో వేసుకునే పెప్పర్ స్ప్రే ఇక్కడి ఆయుధ చట్టం లెక్కలో తుపాకీతో సమానం. ఎగ్జిబిషన్‌లో బెలూన్లు కొట్టే ఎయిర్ గన్‌కి, దాని శక్తి ఒక జౌల్ దాటితే, సర్టిఫికెట్ కావాలి. క్రాస్‌బోకీ అంతే. ఊరి నుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసులోనో, విదేశీ వెబ్‌సైట్ పార్సిల్‌లోనో ఇవి దొరికితే కేసు మీ పేరు మీద పడుతుంది. పౌరసత్వానికి పెట్టుకున్నవాళ్ల విషయంలో ప్రవర్తన గురించి గార్డాల నుంచి రిపోర్టు తెప్పిస్తారు. పిల్లలతోనో రోగులతోనో పనిచేసేవాళ్లకు గార్డా వెటింగ్ (పోలీసు రికార్డుల తనిఖీ) ఉంటుంది. ఐదేళ్లు ఇమిగ్రేషన్ స్టాంపులు లెక్కపెట్టుకుంటూ గడిపి, ఒక చిన్న స్ప్రే డబ్బా దగ్గర ఆగిపోవడం తెలివైన పని కాదు.

సరే, మన డాక్టరు రివాల్వర్ ఆలోచన వదిలేశాడు. పాత డబుల్ బ్యారెల్ ఇచ్చి, క్లేలకు పనికొచ్చే ఓవర్-అండర్ (గొట్టాలు ఒకదాని మీద ఒకటి ఉండే షాట్‌గన్) తీసుకుందామనుకున్నాడు. ఇది జరిగే పని. కానీ ఇక్కడి వరస మన దగ్గరి వరస కాదు. మన దగ్గర ముందు లైసెన్స్ వస్తుంది, అది పట్టుకుని దుకాణానికి వెళ్లి కొని, నంబరు ఎక్కించుకుంటాం. ఐర్లాండ్‌లో సర్టిఫికెట్ ఒక నిర్దిష్టమైన తుపాకీకి ఇస్తారు. కాబట్టి ముందు తుపాకీ ఎంచుకుని, దాని మేక్, బోరు, సీరియల్ నంబరు డీలరు దగ్గర రాయించుకుని, ఆ వివరాలతో ఎఫ్‌సీఏ1 ఫారం నింపి మీ ప్రాంతపు గార్డా సూపరింటెండెంట్‌కి పెట్టాలి. తుపాకీ అప్పటిదాకా డీలరు దగ్గరే ఉంటుంది. సర్టిఫికెట్‌కి మూడేళ్లకు 80 యూరోలు, ఒక్కో తుపాకీకి. నిర్ణయానికి మూడు నెలల గడువు. కాదంటే ముప్ఫై రోజుల్లో డిస్ట్రిక్ట్ కోర్టుకు అప్పీలు.

దీనివల్ల మీ డబ్బు నెలల తరబడి డీలరు దగ్గర ఇరుక్కుంటుంది. బయానా తక్కువ ఇవ్వండి. లైసెన్స్ రాకపోతే బయానా వాపసు అని రసీదు మీదే రాయించుకోండి. నోటిమాట మీద వెళ్లకండి. ఐరిష్ డీలర్లు మర్యాదస్తులే, కానీ మూడు నెలల తర్వాత ఎవరికి ఏం గుర్తుంటుంది? పాత తుపాకీకి ఇచ్చే ధరా అదే కాగితం మీద ఉండాలి.

ఆ ధర విని మన డాక్టరు మొహం మాడ్చుకుంటాడు. పక్కపక్క గొట్టాల పాత షాట్‌గన్‌లు ఈ దేశంలో ఇంటింటా ఉన్నాయి. లైసెన్స్ ఉన్న తుపాకులు మొత్తం రెండు లక్షల దాకా ఉంటే అందులో ఎక్కువ షాట్‌గన్‌లే. తాత చనిపోయాక మనవడు దుకాణంలో దించేసి వెళ్లినవే డీలరు వెనక గదిలో వరసగా ఉంటాయి. మీది ఇంకొకటి. పేరున్న లండన్ తయారీ అయితే వేరే లెక్క. స్పెయిన్‌లోని ఐబార్ నుంచి వచ్చిన మంచి ఏవైఏ మార్కు తుపాకీ అయినా అడిగేవాడు ఉంటేనే ధర. ఇల్లు కొనేటప్పుడు పాత సోఫాకి ఎంత ఇస్తారని పట్టుబట్టనట్టే దీన్నీ చూడండి. కొత్తదాని మీద తగ్గింపు అడగడమే లాభం.

డీలరు పాతదాన్ని ఎలా చూస్తాడో ముందు మీరే అలా చూడండి. లోపల గుండు లేదని ఖాయం చేసుకుని, ముందు చెక్క తీసేసి, గొట్టాలు మూసి, పిడి పట్టుకుని మెల్లగా ఊపండి. కీలు దగ్గర టకటక మంటే వదులైందని అర్థం, బాగుచేయించాలంటే తుపాకీ ధరకన్నా ఖర్చు. గొట్టాలు వేరుచేసి వెలుతురుకు ఎదురుగా పెట్టి లోపల చూస్తే, నీడ వలయాలు విరిగినట్టున్న చోట సొట్ట ఉంటుంది, నల్లటి చుక్కలుంటే తుప్పు తిన్నట్టు. తర్వాత గొట్టాల అడుగున ప్రూఫ్ ముద్రలు. పాత గన్ను చాంబర్ రెండున్నర అంగుళాలదైతే ఇవాళ్టి డెబ్బై మిల్లీమీటర్ల తూటా అందులో వేయకూడదు. తూటా లోపలికి వెళ్లిపోతుంది కాబట్టి సరిపోయిందనుకుంటారు. పేలాక అది పూర్తిగా విచ్చుకోవడానికి చోటుండదు, ఒత్తిడి పెరుగుతుంది. పైన అలలు అలలుగా చారలున్న డమాస్కస్ గొట్టమైతే గన్‌స్మిత్ చూసేదాకా అసలు కాల్చొద్దు.

ఈ మార్పిడికి ఇంకో కారణం సీసం. 2023 ఫిబ్రవరి 15 నుంచి యూరోపియన్ యూనియన్‌లో చిత్తడి నేలల మీద, వాటి చుట్టుపక్కల సీసపు గుండ్లు కాల్చకూడదు. ఐర్లాండ్‌లో చిత్తడి నేల కాని చోటు వెతుక్కోవడమే కష్టం. బాతులకు వెళ్లాలంటే సీసం లేని గుండ్లు, ఎక్కువగా స్టీల్‌వి, వాడాలి. స్టీల్ గట్టిది. పాత సన్నటి గొట్టంలో, కొసన ఇరుకు చేసిన బిగుతు చోక్ గుండా అది వెళ్తే గొట్టం ఉబ్బుతుంది. కొత్త తుపాకుల్లో ఎక్కువ ఒత్తిడి స్టీల్‌కి పరీక్ష అయినదని తెలిపే లిల్లీ పువ్వు ముద్ర ఉంటుంది. కొనేటప్పుడు దాన్ని వేలు పెట్టి చూపించమని అడగండి.

ఏ ఓవర్-అండర్ తీసుకోవాలన్న ప్రశ్నకు మార్కు పేరు దగ్గర ఎక్కువసేపు ఆగొద్దు. బెరెట్టా, బ్రౌనింగ్, మిరోకు మూడూ దశాబ్దాలు నిలిచే సరుకే. చాలా బ్రౌనింగ్‌లు జపాన్‌లో మిరోకు ఫ్యాక్టరీలోనే తయారవుతాయి, కాబట్టి ఆ రెంటి మధ్య మథనపడటం ఎందుకు? చూడాల్సింది మీ భుజానికి కుదిరిందా అన్నది. ఇక్కడి ఎత్తరి మనుషులకు చేసిన పిడి మనలో చాలామందికి పొడుగవుతుంది. కళ్లు మూసుకుని తుపాకీ భుజానికెత్తి, కళ్లు తెరవండి. గొట్టం మీది పట్టీ గీతలా కనిపిస్తే కుదిరినట్టు, బారుగా పరుచుకుని కనిపిస్తే పిడి మార్పించాలి. చలికాలం జాకెట్ వేసుకుని మరీ చూడండి, షర్టు మీద సరిపోయింది నవంబర్‌లో చంకకి తట్టుకుంటుంది.

అసలు సొంతది అవసరమా అన్నదీ నిజాయితీగా తేల్చుకోండి. ఆఫీసు టీమ్ ఔటింగ్‌కి మేనేజరు పిలిచాడని తుపాకీ కొననక్కర్లేదు. బాల్‌బ్రిగన్ దగ్గర కోర్ట్‌లాఖ్ షూటింగ్ గ్రౌండ్స్ లాంటి అనుమతి ఉన్న చోట లైసెన్స్ లేనివాళ్లకు కూడా శిక్షకుడు పక్కనుండి వాళ్ల తుపాకీతోనే నేర్పిస్తాడు. ఇరవై ఐదు క్లేలు ఒక రౌండు. ఒక సీజన్ అలా గడిపితే పరిచయాలు ఎటూ పెరుగుతాయి, పెద్ద ఖర్చు మిగులుతుంది. దరఖాస్తులో మీ కారణం నిజమని చూపడానికీ ఆ హాజరే పనికొస్తుంది. వేటకైతే పొలం యజమాని అనుమతి కాగితం ఉండాలి.

మనవాళ్ల దరఖాస్తులు ఎక్కువగా చిక్కుకునే అవకాశం ఉన్నది ఇంటి దగ్గర. అద్దె ఇల్లు, అందులో ఇద్దరు ముగ్గురు షేరింగ్, వారాంతం కజిన్లు. తుపాకీ బీఎస్ 7558 ప్రమాణపు స్టీలు బీరువాలో, గోడకి బోల్టులతో బిగించి ఉండాలని అడగవచ్చు. గోడకి రంధ్రాలు పెట్టాలంటే లాండ్‌లార్డ్ ఒప్పుకోవాలి. తాళం చెవి భార్యకి కూడా ఇవ్వకూడదు, ఆమె పేరు మీద సర్టిఫికెట్ లేకపోతే. దీని మీద ఇంట్లో మాటలు పడాల్సి వస్తుంది, పడండి. ఫారంలో ఇద్దరు రెఫరీల పేర్లు ఇవ్వాలి, మీ ఆరోగ్యం గురించి డాక్టర్ని విచారించడానికి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. డిప్రెషన్‌కి మందులు వాడిన చరిత్ర ఉంటే దాచకండి. ఉన్నది చెప్పినవాడి దరఖాస్తు ఆలస్యమవుతుంది, దాచినవాడిది పోతుంది.

సంక్రాంతికి నెల రోజులు ఊరికి వెళ్తుంటే తుపాకీని ఖాళీ ఇంట్లో వదలొద్దు. రిజిస్టర్డ్ డీలరు దగ్గర ఉంచి రసీదు తీసుకోండి. ఇల్లు మారితే గార్డాలకు తెలియజేయండి. తుపాకీ పట్టుకుని దిగిన ఫొటో స్టేటస్‌లో పెట్టకండి. మీ ఇంట్లో ఏముందో, మీరు ఎప్పుడు ఊళ్లో ఉండరో రెండూ ఒకే ఫోన్‌లో దొరుకుతాయి.

డీలరుకి పాతది అప్పగించిన రోజున రిజిస్టర్‌లో సీరియల్ నంబరు మీ కళ్ల ముందు రాయించి, రసీదు కాపీ స్టేషన్‌లో ఇచ్చి రండి. లేదంటే గార్డా కంప్యూటర్‌లో అది ఇంకా మీ పేరు మీదే ఉండిపోవచ్చు. రెండేళ్ల తర్వాత మీకు సింగపూర్‌లో ఉద్యోగం వచ్చి సామాను సర్దుకుంటుంటే, రెన్యువల్ ఎందుకు కట్టలేదని నోటీసు వస్తుంది, ఆ తుపాకీ ఎక్కడుందో మీరే చెప్పాల్సి వస్తుంది.